అంబాసిడర్ మార్క్ 4, కార్బురేటర్ మారుతి 800: నల్గొండ ఎండలో, నల్గొండ నీళ్ళతో

పుట్టిన కాలాలు వేరైనా ఈ రెండు బండ్లూ ఆగిపోయింది ఒకే ఏడాది. 2014 జనవరిలో మారుతి 800 తయారీ నిలిచింది. అదే ఏడు మే నెలలో బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ ఫ్యాక్టరీ మూతపడింది. అంబాసిడర్‌ది 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఒళ్ళు. 800 మొదటి బండి తాళాలు 1983 డిసెంబర్ 14న కొన్నవారి చేతికి వెళ్ళాయి, మనకు బాగా అలవాటైన ఆకారం మాత్రం 1986లో వచ్చింది. అంబాసిడర్‌ను నడిపేది వెనక చక్రాలు, 800ను ముందు చక్రాలు. అంబాసిడర్ ఇంజను 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, హెడ్డుతో సహా మొత్తం పోత ఇనుము. 800ది 796 సీసీ, మూడు సిలిండర్లు, పైన అల్యూమినియం హెడ్డు. బరువు చూస్తే ఒకటి పదకొండు వందల కిలోల పైమాటే, రెండోది ఆరున్నర వందల దగ్గర.

ఇక్కడ రాస్తున్నది మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్ గురించి, 1990ల నాటి కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) 800 గురించి. డీజిల్ అంబాసిడర్, ఇసుజు ఇంజను బండి, ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లున్న) 800 వేరే లెక్క, వాటి జోలికి పోవడం లేదు. రెండు బండ్లూ ఏళ్ళ తరబడి నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్ రోడ్ల మీదే తిరిగాయి. శ్రీశైలం ఘాటు కూడా ఎక్కి దిగాయి.

నా అభిప్రాయం ముందే చెప్తాను. అంబాసిడర్‌కు నెల నెలా చెయ్యి పెట్టాలి. పెడితే ఎంత ఎండనైనా, ఎంత బరువునైనా ఓర్చుకుంటుంది, పొరపాటు జరిగినా ఇంటికి చేరుస్తుంది. 800కు ఆ తాపత్రయం అక్కర్లేదు. కానీ నీళ్ళ విషయంలో ఒక్కసారి ఏమరుపాటు చూపిస్తే ఇంజను దిగాల్సిందే, టైమింగ్ బెల్టు మరిచిపోతే బండి దారిలోనే ఆగాల్సిందే. మన ప్రాంతంలో ఎండకు తోడు బోరు నీళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది.

రేడియేటర్‌లో పోసే నీళ్ళు

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఇంజనుకు చేటు చేసేది మాత్రం ఫ్లోరైడ్ కంటే నీటిలోని ఉప్పదనం, సున్నం. బోరు నీళ్ళు మరిగిన పాత్రకు అడుగున తెల్లగా పట్టేది ఏదో, అదే ఇంజను నీళ్ళ దారుల్లోనూ పడుతుంది. మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు వచ్చాక కొంత నయమే అయినా రేడియేటర్‌లో అవి కూడా పోయకూడదు. పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరికే బ్యాటరీ నీళ్ళే పోయాలి. మన దగ్గర నీళ్ళు గడ్డకట్టే చలి లేదు కాబట్టి సగానికి సగం కూలెంట్ అవసరం లేదు. మూడో వంతు కూలెంట్, మిగతాది బ్యాటరీ నీళ్ళు చాలు. తుప్పు పట్టకుండా చూడ్డమే దాని పని. రెండేళ్ళకోసారి మొత్తం దింపి కొత్తది పోయాలి. 800కు నాలుగు లీటర్ల లోపే పడుతుంది, అంబాసిడర్‌కు ఆరేడు లీటర్లు.

అంబాసిడర్‌లో సున్నం ముందుగా చేరేది బ్లాకు వెనక భాగంలో, నాలుగో సిలిండర్ చుట్టూ. నీళ్ళ పంపు ముందు ఉంటుంది, వెనక ప్రవాహం మందం, అందుకే మడ్డి అక్కడ దిగుతుంది. పాత బండి కొన్నవాళ్ళు మొట్టమొదట చూడాల్సింది బ్లాకు పక్కన వెనకగా ఉండే చిన్న డ్రెయిన్ ట్యాపు. రేడియేటర్ కింది ట్యాపు తిప్పితే నీళ్ళు ధారగా వస్తాయి, సరే అనుకుంటాం. బ్లాకు ట్యాపు తిప్పితే చాలా బండ్లలో చుక్క కూడా రాదు. ట్యాపు విప్పేసి, గట్టి ఇనుప తీగను రంధ్రంలోకి పెట్టి గెలకాలి. మొదట ఎర్రటి బురద వస్తుంది, తర్వాత సున్నపు పెళ్ళలు, ఆ తర్వాతే నీళ్ళు. ఆ ట్యాపులోంచి నీళ్ళు వేలు లావున పారేదాకా వేడెక్కే జబ్బుకు ఇంకే వైద్యం చేసినా దండగే.

సున్నం కరిగించడానికి నిమ్మ ఉప్పు చాలు. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) తీసేసి, లీటరు నీళ్ళకు 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి నింపి, ఇంజను వేడెక్కాక బండి కదలకుండా అరగంట స్లోలో నడపాలి. వేడిగా ఉన్నప్పుడు క్యాపు తియ్యొద్దు. చల్లారాక కింది ట్యాపు, బ్లాకు ట్యాపు రెండూ తెరిచి దింపి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. ఆఖరి కడుగుకు ముందు చెంచాడు వంట సోడా కలిపిన నీళ్ళు ఒకసారి తిప్పితే మిగిలిన పులుపు విరుగుతుంది. 800కు ఇదే పని సగం మోతాదుతో, పావుగంటే చెయ్యాలి. అల్యూమినియం హెడ్డును పులుపు తింటుంది, రాత్రంతా నానబెట్టడం అసలే పనికిరాదు.

ఇక్కడి షెడ్డుల్లో ఒక అలవాటుంది. బండి వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ పీకి అవతల పారేస్తారు. దాంతో ఇంజను సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఆయిల్ చిక్కగానే ఉండిపోతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ బోరు త్వరగా అరుగుతుంది. వేడెక్కడానికి అసలు కారణం, అంటే పూడిన రేడియేటర్ కోరో (లోపలి సన్న గొట్టాల వరస), వదులైన ఫ్యాను బెల్టో, అరిగిన పంపు రెక్కలో, అలాగే ఉండిపోతుంది. అంబాసిడర్ రేడియేటర్ ఇత్తడి, రాగిది. మూత విప్పి సలాకలతో కోరు పొడిపించి మళ్ళీ టంకం పెట్టించవచ్చు, ఆ పని చేసే రేడియేటర్ షాపులు నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఇప్పటికీ ఉన్నాయి. కొత్త క్యాపు కొనేటప్పుడు దాని మీద రాసిన ఒత్తిడి చూడాలి. 800కు వాడే 0.9 క్యాపు తెచ్చి అంబాసిడర్‌కు బిగిస్తే పాత గొట్టాలు, టంకం అతుకులు విచ్చుకుంటాయి.

800 సంగతి వేరు. దానికి ఫ్యాను కరెంటుది. హైవే మీద గాలికి రేడియేటర్ చల్లగానే ఉంటుంది, మహబూబ్‌నగర్ బస్టాండు ముందు పది నిమిషాలు ఆగినప్పుడు ఫ్యాను తిరగకపోతే ఉష్ణోగ్రత ముల్లు లేస్తుంది. చాలాసార్లు తప్పు మోటారుది కాదు, వేడికి ఫ్యానును ఆన్ చేసే థర్మో స్విచ్చిది, లేదా దాని వైరు మొనది. నెలకోసారి బండిని నీడలో స్టార్ట్ చేసి వదిలి, ఫ్యాను దానంతటదే అందుకుంటుందో లేదో చూడాలి. అందుకోకపోతే స్విచ్చి వైరు రెండు మొనలూ కలపండి. ఫ్యాను తిరిగితే స్విచ్చి పోయినట్టు, తిరగకపోతే ఫ్యూజు, మోటారు చూడాలి. ఫ్యానుకు డైరెక్టుగా తాళంతో కరెంటు ఇచ్చేస్తారు కొందరు. అవసరానికి సరే కానీ మోటారు బ్రష్షులు తొందరగా అరుగుతాయి. స్విచ్చి ఖరీదు అంత పెద్దదేం కాదు.

800 ఉష్ణోగ్రత ముల్లును గుడ్డిగా నమ్మొద్దు. గొట్టం పగిలి నీళ్ళు మొత్తం పోతే సెన్సర్ చుట్టూ ఆవిరే మిగులుతుంది, ముల్లు పైకి లేవకుండా కిందికి జారుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నార్కట్‌పల్లి దాటాక ముల్లు హఠాత్తుగా పడిపోయిందంటే బండి చల్లబడిందని కాదు అర్థం, వెంటనే పక్కకు ఆపాలి. ఆ స్థితిలో రెండు మూడు కిలోమీటర్లు తోలితే హెడ్డు వంగుతుంది. హెడ్డు కింది ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే 0.05 మి.మీ. మించి సందు ఉండకూడదు. ఉంటే లేత్ మీద ఫేసింగ్ చేయించి, అంటే ముఖం చదును చేయించాకే కొత్త గ్యాస్‌కెట్ వెయ్యాలి. ఫేసింగ్ లేకుండా గ్యాస్‌కెట్ మాత్రం మార్చిన బండ్లు ఎక్కువ కాలం నిలవవు, మళ్ళీ కొడతాయి. బోల్టులు మధ్యలోంచి అంచులకు, మూడు విడతల్లో, టార్క్ రెంచితోనే బిగించాలి. ఇదే పరిస్థితి అంబాసిడర్‌కు వస్తే ఆవిరి కక్కుతుంది, ఆగిపోతుంది, గంట చల్లార్చి నీళ్ళు పోస్తే ఎక్కువ శాతం మళ్ళీ నడుస్తుంది. పోత ఇనుము హెడ్డు అంత సులభంగా వంగదు. ఉడుకుతున్న ఇంజనులో చల్లటి నీళ్ళు గుమ్మరిస్తే మాత్రం ఇనుమైనా పగులుతుంది.

ముందు చక్రాల కింద

అంబాసిడర్ ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగులు ఉండవు, బండి పొడవునా రెండు టార్షన్ బార్లు ఉంటాయి. వెనక కమాన్ కట్టలు. గుంతల రోడ్డు మీద ఈ బండి సుఖం ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది, వెనక సీట్లో మరీనూ. ఆ సుఖానికి వెల గ్రీసు. కింగ్‌పిన్నులు (ముందు చక్రాలు పక్కలకు తిరిగే ఇరుసులు), టైరాడ్ ఎండ్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, అన్నిటికీ గ్రీసు నిప్పిళ్ళున్నాయి. పదిహేను వందల కిలోమీటర్లకోసారి, వానాకాలమైతే వెయ్యికే, గన్ను పెట్టాలి. పాత గ్రీసు బయటికి వచ్చి కొత్తది కనపడేదాకా కొట్టాలి. చక్రం నేల మీద ఉండగా కొడితే కింగ్‌పిన్ను బరువు మోసే ముఖానికి గ్రీసు చేరదు. జాకీ ఎత్తి, చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ కొట్టాలి. నిప్పిల్ పూడిపోతే దాన్ని మార్చెయ్యడమే. పూడిన నిప్పిల్‌తో ఏళ్ళ తరబడి తిరిగిన బండిలో పిన్ను మర అరిగి, గుంతలో చక్రం పక్కకు పడిపోయే ప్రమాదం ఉంది. అంబాసిడర్‌లో నిజంగా భయపడాల్సింది ఇదొక్కటే.

పరీక్ష ఇలా. కింది ఆర్ము కింద జాకీ పెట్టి ఎత్తాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది బేరింగ్ వదులు, నట్టు సరిచేస్తే చాలు. తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్‌పిన్ను. అప్పుడు సెట్టు మొత్తం మార్చాలి. పిన్ను కొత్తది, బుష్షు పాతది పెట్టించుకుంటే ఆరు నెలలు కూడా రాదు.

800కు ముందు స్ట్రట్లు. గ్రీసు పెట్టే పనే లేదు. చూడాల్సింది డ్రైవ్ షాఫ్టుల రబ్బరు బూట్లు. బూటు చీలితే గ్రీసు రిమ్ము లోపలి వైపు చిమ్ముతుంది, ఆ చీలిక లోంచి మన చలక నేలల ఎర్ర దుమ్ము జాయింటులోకి పోతుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి మొదటి గేరులో చుట్టూ తిరిగితే టక్ టక్ మని చప్పుడు వస్తే బయటి జాయింటు పోయినట్టు. చప్పుడు రాకముందే బూటు మారిస్తే చిన్న ఖర్చుతో పోతుంది. ప్రతి ఆయిల్ మార్పప్పుడు చక్రాల వెనక ఒకసారి టార్చి వేసి చూడటం అలవాటు చేసుకోవాలి. చక్రాలు 12 అంగుళాలవి కాబట్టి గుంతల్లో దెబ్బ గట్టిగా తగులుతుంది, రిమ్ము అంచులు వంగుతాయి. 15 అంగుళాల చక్రం దాటిపోయే గుంతలో ఇది దిగిపోతుంది.

కార్బురేటర్, పెట్రోల్

చాలా మార్క్ 4 బండ్లలో ఎస్‌యూ కార్బురేటర్ ఉంటుంది, కొన్నింట్లో సోలెక్స్. ఎస్‌యూ అర్థమైతే దాని అంత మంచిది లేదు. పైన గంట ఆకారంలో ఉన్న మూతను స్క్రూలు విప్పి తీసి, లోపలి పిస్టన్‌ను పెట్రోల్‌తో తుడవాలి, గీకకూడదు. పిస్టన్ ఒంటికి ఆయిల్ రాయొద్దు, దుమ్ము అంటుకుని బిగుసుకుంటుంది. ఆయిల్ పోయాల్సింది మధ్యలోని సన్న గొట్టంలో మాత్రమే. తిరిగి బిగించాక పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే టక్కుమని ఇనుము చప్పుడుతో కింద పడాలి. మెత్తగా జారి ఆగితే సూది జెట్టుకు రాసుకుంటోందని అర్థం, జెట్టును మధ్యకు తేవాలి.

మిశ్రమం చూసుకోవడానికి మిషన్లేం అవసరం లేదు. ఇంజను వేడిగా స్లోలో ఉన్నప్పుడు పిస్టన్‌ను ఒక వెంట్రుక వాసి ఎత్తాలి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, వెంటనే ఆగబోతే తక్కువ, కాస్త పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. కింద ఆరు పలకల నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పాలి, కిందికి దింపితే పెట్రోల్ పెరుగుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. రెండు బండ్లకూ ఇది పుట్టినప్పుడు లేని సరుకు. మిశ్రమం పలచబడుతుంది కాబట్టి ఎస్‌యూ నట్టును ఒకటి రెండు పలకలు దింపితే మళ్ళీ నడక కుదురుతుంది. 800 మికునీ కార్బురేటర్‌లో అంత సులువుగా సర్దలేం, స్లో స్క్రూ కొంచెం విప్పడం వరకే మన చేతిలో పని. మిగతాది జెట్టు సంగతి. రెండింట్లోనూ పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం ఉబ్బి మెత్తబడతాయి. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టమని అడిగి కొనాలి, మామూలు నల్ల గొట్టం ఏడాదిలో చీలికలు పడుతుంది. నెలకు మించి బండి నిలబెట్టేటట్టయితే కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టాలి. ఇథనాల్ గాలిలో తేమను లాగుతుంది, గిన్నె అడుగున తెల్లటి పొడి, తుప్పు చేరతాయి.

మే నెలలో అంబాసిడర్ పెట్రోల్ ఆవిరైపోయి ఆగడం పాత జబ్బు. కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఇంజనుకు ఒకే పక్కన ఉంటాయి. వేడి బండిని ఆపి పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే అందుకోదు. తడిగుడ్డ పంపు మీద వేసి కాసేపు ఆగితే పోతుంది. శాశ్వతంగా పోవాలంటే కార్బురేటర్‌కూ మానిఫోల్డుకూ మధ్య ఉండే వేడి అడ్డురేకు ఉందో లేదో చూడాలి. చాలా బండ్లలో ఎప్పుడో విప్పిన రేకు తిరిగి వెయ్యరు. పెట్రోల్ గొట్టాన్ని మానిఫోల్డుకు దూరంగా తిప్పి బిగించాలి. 800లో పంపు నుంచి ట్యాంకుకు తిరుగు పైపు ఉండటం వల్ల ఈ బాధ దాదాపు లేదు.

800 స్లోలో ఆగిపోతుంటే మెకానిక్ కార్బురేటర్ విప్పకముందే రెండు చూడండి. ఒకటి, కార్బురేటర్‌కున్న సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు) వైరు. అది ఊడితే స్లో దారిలో పెట్రోల్ ఆగుతుంది. తాళం తిప్పి ఆన్ చేసినప్పుడు చిన్న టిక్ వినిపించాలి. రెండు, సన్నటి వాక్యూమ్ గొట్టాలు. ఎండకు మొనల దగ్గర పగిలి గాలి లాగుతాయి. చాలా 800లు ఈ రెండింటి కోసం అనవసరంగా కార్బురేటర్ ఓవరాల్ చేయించుకున్నాయి.

సీసం కలిపిన పెట్రోల్ 2000లో దేశమంతటా ఆగింది. అంబాసిడర్ హెడ్డులో వాల్వు సీట్లు విడిగా ఉండవు, హెడ్డు ఇనుములోనే కోసి ఉంటాయి. సీసం లేకపోయేసరికి ఎగ్జాస్ట్ సీట్లు నెమ్మదిగా లోపలికి అరుగుతాయి. గుర్తు ఏమిటంటే వాల్వు సందు పెరగదు, తగ్గుతుంది. 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. పెట్టిన సందు రెండు మూడు వేల కిలోమీటర్లకే బిగుసుకుంటూ ఉంటే, అదీ ఎగ్జాస్ట్ వాల్వులకే అయితే, హెడ్డు దింపి నాలుగు ఎగ్జాస్ట్‌లకూ గట్టి సీటు ఇన్సర్టులు లేత్‌లో వేయించాలి. ఒకసారి వేయిస్తే మళ్ళీ ఆ మాట రాదు.

మైలేజీ చెప్పాలంటే అంబాసిడర్ ఊళ్ళో ఎనిమిది, తొమ్మిది, హైవే మీద పది, పదకొండు. 800 ఊళ్ళో పద్నాలుగు, పదిహేను, విజయవాడ హైవే మీద కుదురుగా తోలితే పద్దెనిమిది దాటుతుంది. ఇథనాల్ తర్వాత రెండింట్లోనూ ఒకటి తగ్గింది.

ఆయిల్, బెల్టు

అంబాసిడర్ ఇంజను వెనక నుంచి ఆయిల్ కారడం సహజమని అందరూ అంటారు. కొంత నిజమే, వెనక క్రాంకుకు రబ్బరు సీలు కాదు, స్క్రూ మరలాగా కోసిన గాడి ఆయిల్‌ను వెనక్కి తిప్పుతుంది. కానీ విపరీతంగా కారితే కారణం వేరే ఉంటుంది. లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం పూడితే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను నెడుతుంది. ముందు ఆ గొట్టం విప్పి కిరసనాయిల్‌తో కడగండి. డిప్‌స్టిక్ పై గీత దాటి ఆయిల్ పొయ్యొద్దు. ఈ రెండూ సరిచేశాక కూడా కారి క్లచ్ ప్లేటు తడిసి జారుతుంటే అప్పుడు ఇంజను దింపే మాట. 20డబ్ల్యూ-50 ఆయిల్ దీనికి బాగా నప్పుతుంది. ప్రెషర్ మీటర్ ఉంటే వేడి ఇంజను మీద నడుస్తున్నప్పుడు 50 పీఎస్‌ఐ దగ్గర, స్లోలో 15కు తగ్గకుండా ఉండాలి.

టైమింగ్‌కు అంబాసిడర్‌లో చైను, అరిగితే ముందు గరగర చప్పుడుతో చెప్తుంది. 800లో బెల్టు, అది చెప్పదు. 60 వేల కిలోమీటర్లకు, తక్కువ తిరిగే బండైతే ఐదేళ్ళకు మార్చేయాలి. రబ్బరుకు వయసూ లెక్కే. బెల్టుతో పాటు టెన్షనర్ బేరింగ్, ఆ చేత్తోనే నీళ్ళ పంపు కూడా మార్చించాలి. మళ్ళీ అంతా విప్పే కూలి మిగులుతుంది.

ఘాటులో

కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా మన్ననూరు దాటి దోమలపెంట, ఈగలపెంట నుంచి పాతాళగంగకు దిగే దారిలో రెండింటి తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మార్క్ 4కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. దిగుతున్నప్పుడు మూడో గేరులో వదిలి బ్రేకు మీద కాలు పెట్టి వెళితే నాలుగైదు మలుపులకే కమురు వాసన వస్తుంది, పెడలు గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు. అది డ్రమ్ము వేడెక్కి పట్టు పోవడం. పెడలు మెత్తగా లోపలికి పోతే అది ఫ్లూయిడ్ మరగడం, తేమ పట్టిన పాత ఫ్లూయిడ్ వల్ల వస్తుంది. రెండేళ్ళకోసారి ఫ్లూయిడ్ మారిస్తే రెండోది రాదు. మొదటిది రాకుండా మలుపుకు ముందే రెండో గేరులోకి దింపి ఇంజనుతోనే ఆపుకుంటూ రావాలి.

ఘాటుకు పోయేముందు షూలు దగ్గరికి తేవాలి. ఒక్కో చక్రం ఎత్తి, డ్రమ్ముకున్న రంధ్రంలోంచి పేచ్‌కస్ పెట్టి అడ్జస్టర్‌ను చక్రం బిగుసుకునేదాకా తిప్పి, ఒక మెట్టు వెనక్కి వదలాలి. చక్రం సన్నగా రాసుకుంటూ తిరగాలి. ఎడమా కుడీ సమానంగా లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

800కు ముందు డిస్కులు ఉన్నాయి, ఒళ్ళు తేలిక, దిగడంలో నిశ్చింత. ఎక్కడంలోనే ఇబ్బంది. ఐదుగురు పెద్దవాళ్ళు, డిక్కీలో సామాను ఉంటే ఏసీ ఆపి రెండో గేరులో ఎక్కాల్సిందే. అంబాసిడర్ ఆరుగురిని ఎక్కించుకుని మూడో గేరులో నింపాదిగా పోతుంది.

లోపల సౌకర్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు అంబాసిడర్ సీటు ఎత్తు గొప్ప వరం, వంగి దిగబడే పని లేదు. 800లో వాళ్ళు ముందు సీట్లోనే కూర్చోవాలి. అంబాసిడర్ స్టీరింగ్ పక్క గేరు అలవాటయితే బాగానే ఉంటుంది. లింకు బుష్షులు అరిగితే రెండో, మూడో గేరు దొరక్క వెతుక్కోవాలి, ఆ బుష్షులు చవకే. మొదటి గేరుకు సింక్రో (నడుస్తుండగా గేరు చప్పుడు లేకుండా పడేలా చేసే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి.

పార్టులు, పానాలు

800 ఇంజనే ఓమ్నీలోనూ 2019 దాకా వచ్చింది. అందుకే మండల కేంద్రంలో కూడా ఫిల్టర్లు, క్లచ్ కేబుల్, గ్యాస్‌కెట్ సెట్టు దొరుకుతాయి. అంబాసిడర్‌కు బ్రేకు, క్లచ్, సస్పెన్షన్ సామాను హైదరాబాద్ రాణిగంజ్, పుత్లీబౌలి, విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా వస్తోంది. నాణ్యత మాత్రం పెట్టె మీద పేరు చూసి తెలియదు. రబ్బరు కిట్లు చేతిలో వంచి చూడాలి, పాత స్టాకైతే గీతలు పడతాయి.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటి. అంబాసిడర్ బోల్టులు అంగుళం కొలతవి. 7/16, 1/2, 9/16 పానాలు కావాలి. 1/2 అంగుళం అంటే 12.7 మి.మీ. దానికి 13 పానా వేస్తే పట్టినట్టే ఉండి, బలం పెట్టగానే మూలలు గుండ్రం అవుతాయి. 800 మొత్తం మిల్లీమీటర్లే, 10, 12, 14, 17 ఉంటే సగం బండి విప్పొచ్చు. అంబాసిడర్ కొన్నవాళ్ళు అంగుళాల పానాల సెట్టు సొంతంగా కొని, షెడ్డుకు వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళాలి.

కొనేటప్పుడు

కోస్తా నుంచి వచ్చిన బండి కంటే ఏపీ 24, ఏపీ 22 నంబర్లతో మొదట్నుంచీ ఇక్కడే తిరిగిన బండి మేలు, అడుగు రేకు గట్టిగా ఉంటుంది. గుడ్డ చుట్టిన అయస్కాంతం పట్టుకెళ్ళండి. అది అంటుకోని చోట లప్పం ఉన్నట్టు. 800లో డ్రైవర్ కాళ్ళ కింద మ్యాటు ఎత్తి, బ్యాటరీ కింది రేకు, తలుపుల అడుగు అంచులు, స్ట్రట్టు పైన బిగించే చోటు చూడాలి. స్ట్రట్టు చోట తుప్పుంటే ఆ బండి వదిలెయ్యండి. అంబాసిడర్ రేకు మందం కాబట్టి పైకి బాగానే కనిపిస్తుంది, కిందికి దూరి టార్షన్ బార్లు వెనక బిగించిన అడ్డపట్టీ, తలుపుల కింది పెట్టెలు పేచ్‌కస్‌తో పొడిచి చూడాలి.

800 రేడియేటర్ క్యాపును ఇంజను చల్లగా ఉన్నప్పుడు తీసి స్టార్ట్ చేయించండి. నీళ్ళల్లో ఆగకుండా బుడగలు వస్తుంటే గ్యాస్‌కెట్ పోయినట్టే. ఆయిల్ మూత లోపల మీగడలా తెల్లటిది ఉన్నా అంతే.

ఒకే బండి పెట్టుకోగలిగితే, రోజూ తోలాలంటే, 800 తీసుకోండి. గ్రీసు గన్ను పట్టే ఓపిక, నీడనిచ్చే షెడ్డు, ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే అంబాసిడర్‌కే నా ఓటు.

కాగితాలు జాగ్రత్త. 15 ఏళ్ళు దాటిన కారుకు ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏళ్ళు దాటితే పొడిగింపు ఫీజు 10,000 రూపాయలు, పైన పన్ను. వింటేజ్ నంబరు ఆశ పెట్టుకోవద్దు. దానికి 50 ఏళ్ళు నిండాలి, మార్క్ 4 మొదలైందే 1979లో. పైగా వింటేజ్‌గా ఎక్కించిన బండిని రోజువారీ తిప్పడానికి వీల్లేదు. పెట్రోల్ అంబాసిడర్‌కు డీజిల్ ఇంజను దించిన బండ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఆర్‌సీలో ఇంధనం మార్పు ఎక్కించారో లేదో, ఇంజను నంబరు కలుస్తుందో లేదో డబ్బు ఇవ్వకముందే చూసుకోవాలి. 800లో గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్‌సీలో ఉండాలి, సిలిండర్ పరీక్ష తేదీ దాటకుండా ఉండాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గరే బండి ఆగుతుంది.